కారు చక్రం మధ్యలో ఆ చిన్న మూత.. అందం కోసమేనా? సెంటర్ క్యాప్ డిజైన్ వెనుక అసలు లెక్క ఇదీ!

కారు కొనేటప్పుడు ఇంజిన్, మైలేజీ, సన్‌రూఫ్, టచ్ స్క్రీన్.. అన్నీ ఆరా తీస్తారు. చక్రం నడిమధ్యన కంపెనీ గుర్తుతో మెరిసే గుండ్రటి మూతను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏదో ఒక గుంత దగ్గర అది ఊడిపోయాక గానీ దాని లోటు తెలియదు. చక్రం మధ్యలో నల్లటి రంధ్రం, లోపల తుప్పు పట్టిన నట్టు.. లక్షలు పోసి కొన్న బండి ఒక్కసారిగా పాతబడినట్టు కనిపిస్తుంది.

ఈ మూతనే సెంటర్ క్యాప్ అంటారు. అరచేతిలో ఇమిడిపోయే ఈ ముక్కను డిజైన్ చేయడం స్టిక్కర్ అతికించినంత తేలిక కాదు. అది ఊడకుండా నిలవాలి. వేడికి వంకర పోకూడదు. చక్రం ఎటు తిరిగి ఆగినా చూడ్డానికి బాగుండాలి. అన్నింటికీ మించి, దాని మీద వేసే గుర్తును వాడుకునే హక్కు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పైన ఎంత మెరుపున్నా వృథానే. ఇప్పుడు త్రీడీ ప్రింటర్ కొనుక్కుని ఇంటి దగ్గరే కస్టమ్ క్యాప్‌లు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే కుర్రాళ్లకు ఈ లెక్క తెలియడం ఇంకా ముఖ్యం.

వీల్ కవర్ వేరు.. సెంటర్ క్యాప్ వేరు

ముందుగా ఓ చిన్న తేడా తెలుసుకోవాలి. ఇనుప చక్రం మొత్తాన్ని కప్పేసే పెద్ద ప్లాస్టిక్ పళ్లెం లాంటిది వీల్ కవర్. చాలామంది దీన్నే వీల్ క్యాప్ అంటారు. సెంటర్ క్యాప్ అలా కాదు. అల్లాయ్ వీల్‌కు సరిగ్గా మధ్యలో, ఇరుసు చివర కనిపించే రంధ్రాన్ని మాత్రమే మూసేస్తుంది. సాధారణంగా దీని వెడల్పు 5 నుంచి 8 సెంటీమీటర్ల లోపే ఉంటుంది.

మరి ఆ రంధ్రం ఎందుకు? చక్రాన్ని కారు హబ్ మీద సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టడానికి. దాన్ని సెంటర్ బోర్ అంటారు. మూత లేకపోతే బురద, నీళ్లు నేరుగా అందులోకి వెళ్తాయి. లోపలున్న యాక్సిల్ నట్టు, హబ్ అంచు తుప్పు పడతాయి. వెంటనే ప్రమాదం జరిగిపోదు గానీ, ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే తుప్పు వల్ల చక్రం హబ్‌కు పట్టేసి, టైర్ మార్చాల్సిన రోజున ఎంత లాగినా రాదు. సముద్ర తీర పట్టణాల్లో ఉప్పు గాలికి ఈ తుప్పు మరింత త్వరగా పడుతుంది.

కందెన కారకుండా పెట్టిన మూతే.. అలంకారమైంది!

ఎడ్లబండి చూసినవాళ్లకు ఈ కథ సులువుగా అర్థమవుతుంది. బండి చక్రం ఇరుసు మీద తిరగాలంటే కందెన కావాలి. చక్రం జారిపోకుండా ఇరుసు చివర కడశీల ఉండాలి. తొలినాటి కార్లదీ ఇదే సమస్య. చెక్క చక్రాల మధ్యలో బేరింగ్‌కు గ్రీజు పెట్టేవారు. ఆ గ్రీజు బయటికి కారకుండా, దుమ్ము లోపలికి పోకుండా ఇత్తడి మూతలు బిగించేవారు. ఆ మూత నలుగురికీ కనిపించే చోట ఉంది కదా అని కంపెనీలు దాని మీద తమ పేరు చెక్కడం మొదలుపెట్టాయి. అలా పనికోసం పుట్టిన మూత క్రమంగా అలంకారంగా మారింది.

ఇంగ్లండ్‌కు చెందిన రడ్జ్ విట్‌వర్త్ సంస్థ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి మరొకటి. ఇందులో నాలుగైదు నట్లకు బదులు చక్రం మధ్యలో ఒకే పెద్ద నట్టు ఉంటుంది. దానికి రెండో మూడో రెక్కలుంటాయి. సుత్తితో ఆ రెక్క మీద కొడితే నట్టు వదులవుతుంది, రేసులో చక్రం క్షణాల్లో మారిపోతుంది. ఆ రెక్కల నట్టు రేసు కారుకు గుర్తుగా మారడంతో, మామూలు కార్లకు కూడా ఉత్తుత్తి రెక్కలతో అలంకార మూతలు వచ్చేశాయి.

అయితే ఇక్కడే ఓ చిక్కు వచ్చింది. చక్రం నుంచి బయటికి పొడుచుకొచ్చిన రెక్క తిరుగుతుంటే పక్కన నడిచేవాళ్లకు, సైకిల్ మీద వెళ్లేవాళ్లకు అది కత్తితో సమానం. అందుకే అమెరికా ప్రభుత్వం రెక్కలున్న వీల్ నట్లు, హబ్ క్యాప్‌లను కొత్త కార్లకు వాడొద్దని ప్రత్యేక ప్రమాణం తెచ్చింది. అది 1968 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1996లో ఆ నిబంధనను ఎత్తేశారు గానీ, అప్పటికే డిజైనర్ల చేతులు మారిపోయాయి. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 26వ వాహన నిబంధన ఇప్పటికీ ఇదే చెబుతుంది. చక్రం అంచు దాటి బయటికి మొనదేలిన భాగం ఏదీ ఉండకూడదు, రెక్కల నట్లకు అనుమతి లేదు.

మన రోడ్ల మీద ఈ మాటకు ఇంకా విలువ ఎక్కువ. సిగ్నల్ దగ్గర కారుకూ కారుకూ మధ్య జానెడు సందులోంచి బైకులు దూరిపోతుంటాయి. అలాంటి చోట ముళ్లలా పొడుచుకొచ్చే 'స్పైక్' క్యాప్‌లు స్టైల్ కాదు.. పక్కవాడి మోకాలికి ముప్పు. డిజైన్ గీసేటప్పుడే మూత మొత్తం చక్రం అంచుకు లోపలే ఉండేలా చూసుకోవడం మొదటి నియమం.

ముందు కొలతలు.. తర్వాతే బొమ్మ

కొత్తగా డిజైన్ మొదలుపెట్టేవాళ్లు చేసే పెద్ద పొరపాటు బొమ్మతో మొదలుపెట్టడం. ఈ రంగంలో ఉన్నవాళ్లు మొదట పట్టుకునేది పెన్సిల్ కాదు, వెర్నియర్ కాలిపర్. ఎందుకంటే సెంటర్ క్యాప్‌లకు అన్ని కంపెనీలకూ ఒకే సైజు లేదు. బెంజ్ కార్లలో 75 మిల్లీమీటర్ల క్యాప్ ఎక్కువగా కనిపిస్తుంది. ఫోక్స్‌వ్యాగన్‌లో 65 మిల్లీమీటర్లది వాడుక. బీఎండబ్ల్యూ చాలా ఏళ్లు 68 మిల్లీమీటర్ల క్యాప్ వాడి, తర్వాతి మోడళ్లలో చాలావాటికి 56 మిల్లీమీటర్లకు మారింది. ఒకే కంపెనీలోనే పాత కారు మూత కొత్త కారుకు పట్టదన్నమాట.

పైగా ఒక్క కొలత సరిపోదు. కనీసం మూడు కావాలి.

ఒకటి, బయటికి కనిపించే ముఖం వెడల్పు. రెండు, వెనుక ఉండే క్లిప్పుల చుట్టుకొలత. అది చక్రం లోపలి గాడిలోకి వెళ్లి పట్టుకోవాలి. బయటి వెడల్పు సరిపోయినా క్లిప్పుల దగ్గర ఒక్క మిల్లీమీటర్ తక్కువైతే మూత గలగలలాడుతుంది. ఎక్కువైతే బిగించేటప్పుడే కాళ్లు విరుగుతాయి. మూడు, లోతు. ముందు చక్రాలకు ఇంజిన్ శక్తి వెళ్లే కార్లలో యాక్సిల్ చివర, నట్టు కాస్త బయటికి రావచ్చు. వెనుక చక్రాల్లో బేరింగ్ మీద గ్రీజు మూత ఉబ్బెత్తుగా ఉండొచ్చు. అందుకే ముందు చక్రంలో చక్కగా కూర్చున్న క్యాప్ వెనుక చక్రంలో తగులుకోవచ్చు. నాలుగు చక్రాల్లోనూ కొలిచి చూడాల్సిందే.

బయట కొన్న అల్లాయ్ వీల్స్ అయితే కారు కంపెనీ క్యాప్ చాలావరకు పట్టదు. ఒకే చక్రం రకరకాల కార్లకు సరిపోవాలని వాటి మధ్య రంధ్రం పెద్దగా పెడతారు. 73.1 మిల్లీమీటర్లు అందులో బాగా కనిపించే కొలత. కాబట్టి కారు పేరు చెప్పి క్యాప్ అడగడం కన్నా చక్రాన్ని కొలిచి అడగడమే మేలు.

100 కిలోమీటర్ల వేగంలో క్యాప్ మీద ఏం జరుగుతుంది?

ఓ చిన్న లెక్క చూద్దాం. మామూలు కారు టైరు వ్యాసార్థం దాదాపు 30 సెంటీమీటర్లు అనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి దాదాపు 880 సార్లు తిరుగుతుంది. మధ్య నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో ఉన్న క్లిప్పు మీద అప్పుడు పనిచేసే బలం భూమ్యాకర్షణకు సుమారు 26 రెట్లు. అంటే ఒక గ్రాము ముక్క 26 గ్రాముల బరువున్నట్టు బయటికి లాగుతుంది.

వినడానికి భయంగా ఉన్నా ఇందులో ఓ తమాషా ఉంది. క్లిప్పు కొక్కెం బయటి వైపుకు ఉండేలా డిజైన్ చేస్తే, చక్రం ఎంత వేగంగా తిరిగితే కాళ్లు అంత బలంగా గాడికి ఒత్తుకుంటాయి. అంటే వేగమే మూతను పట్టి ఉంచుతుంది. కొక్కెం లోపలి వైపుకు ఉండేలా చేస్తే సరిగ్గా దీనికి తలకిందులు, వేగం పెరిగేకొద్దీ పట్టు సడలుతుంది. ఒకే ప్లాస్టిక్, ఒకే బరువు.. కొక్కెం దిశ ఒక్కటే తేడా.

మరి మూతలు ఎందుకు ఊడిపోతున్నాయి? తిరగడం వల్ల కాదు. గుంతల్లో పడే దెబ్బలు, కార్ వాష్‌లో దగ్గర నుంచి కొట్టే నీటి జెట్, పంక్చర్ షాపులో స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించడం.. అసలు దోషులు ఇవే. వేడికి ప్లాస్టిక్ కాళ్లు కొద్దికొద్దిగా స్ప్రింగ్ గుణం కోల్పోవడం మరో కారణం. అందుకే మంచి క్యాప్‌ల వెనుక కాళ్లను లోపలి నుంచి బయటికి నెట్టే సన్నటి స్టీల్ తీగ రింగు ఉంటుంది. ప్లాస్టిక్ అలసిపోయినా తీగ అలసిపోదు.

క్యాప్ మారిస్తే వీల్ బ్యాలెన్సింగ్ చెడుతుందేమో అని కొందరికి అనుమానం. 30 గ్రాముల మూత మధ్య నుంచి ఒక మిల్లీమీటర్ పక్కకు జరిగిందనుకున్నా, రిమ్ అంచున పెట్టే 5 గ్రాముల బ్యాలెన్సింగ్ బరువు చూపించే ప్రభావంలో అది 3 శాతం వరకే. మధ్యలో ఉండే వస్తువు కాబట్టి దాని ప్రభావం అంత తక్కువ. ఆ భయం అక్కర్లేదు.

దొంగతనం మాటా మర్చిపోకూడదు. సులువుగా ఊడే క్యాప్‌ను ఎవరైనా ఎత్తుకుపోతారు. మరీ గట్టిగా బిగిస్తే టైర్ మార్చేటప్పుడు విరిగిపోతుంది. చక్రం విప్పాక వెనుక నుంచి వేలితో నొక్కితే వచ్చేలా, ముందు నుంచి మాత్రం పట్టు దొరక్కుండా అంచును చక్రంలోకి దించేయడం దీనికి డిజైనర్లు కనిపెట్టిన మధ్యేమార్గం.

మన ఎండకు ఏ ప్లాస్టిక్ ఆగుతుంది?

ఫ్యాక్టరీ క్యాప్‌లు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తోనో, దానికి పాలీకార్బొనేట్ కలిపిన మిశ్రమంతోనో చేస్తారు. ఏబీఎస్ దాదాపు 105 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. పాలీకార్బొనేట్ ఇంకా ఎక్కువ, దాదాపు 147 డిగ్రీల దాకా ఆగుతుంది. చక్రం వెనుకే బ్రేక్ డిస్క్ ఉంటుంది కాబట్టి ఈ తేడా పనికొస్తుంది. ఘాట్ రోడ్డులో బ్రేక్ మీద బ్రేక్ వేస్తూ దిగివచ్చి కారు ఆపగానే, గాలి తగలక ఆ వేడంతా హబ్ దగ్గరే పోగవుతుంది.

ఇంట్లో త్రీడీ ప్రింటర్‌తో చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ప్రింటింగ్‌కు తేలిక అని ఎక్కువమంది పీఎల్ఏ అనే పదార్థం వాడతారు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో నల్లటి క్యాప్ పెట్టి కారు నిలబెడితే, నడపకుండానే క్లిప్పులు వంగిపోవడానికి ఆ వేడి చాలు. నమూనా సరిపోయిందో లేదో చూసుకోవడానికి పీఎల్ఏ బాగానే పనికొస్తుంది. రోడ్డెక్కే ముక్కకు మాత్రం ఎండను తట్టుకునే ఏఎస్ఏ లాంటి పదార్థం వాడాలి. ప్రింట్ చేసే దిశ కూడా చూసుకోవాలి. పొరలు క్లిప్పుకు అడ్డంగా వస్తే, అగరొత్తి విరిగినట్టు పొర దగ్గరే పుటుక్కున విరుగుతుంది.

వేల సంఖ్యలో చేయాలంటే అచ్చు కావాలి. కరిగిన ఏబీఎస్ చల్లారేటప్పుడు సుమారు అర శాతం కుదించుకుపోతుంది. 60 మిల్లీమీటర్ల క్యాప్‌లో అది 0.3 మిల్లీమీటర్. గాడిలో పట్టుకోవాల్సిన క్లిప్పుకు ఇది చిన్న తేడా కాదు, అందుకే అచ్చును ఆ మేరకు పెద్దదిగా చెక్కుతారు. అచ్చులోంచి ముక్క సులువుగా రావడానికి గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఇస్తారు. వెనుక బలం కోసం పెట్టే పక్కటెముకలు మరీ మందంగా ఉంటే ముందు ముఖం మీద సొట్ట పడినట్టు కనిపిస్తుంది. మెరిసే పూత వేశాక ఆ సొట్ట ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

ఆ మెరుపు ఎలా వస్తుందంటే..

చూడ్డానికి స్టీల్‌లా ఉన్నా లోపల ఉన్నది ప్లాస్టిక్కే. ముందుగా ఏబీఎస్‌ను ఆమ్లంలో ముంచుతారు. అందులోని రబ్బరు కణాలు కరిగిపోయి ఉపరితలం మీద కంటికి కనిపించనంత చిన్న గుంతలు పడతాయి. లోహపు పూత వాటిలో వేళ్లూనుకుంటుంది. దాని మీద రాగి, ఆపై నికెల్, చివర్లో క్రోమ్. మనం చూసే ఆ క్రోమ్ పొర మందం ఒక మైక్రాన్ కన్నా తక్కువే. తుప్పును ఆపే అసలు పని కింద ఉన్న నికెల్‌ది.

చవక రకాల్లో నికెల్‌ను పలచగా వేసి పైన మెరుపు మాత్రం చూపిస్తారు. మొదటి రోజు రెండూ ఒకేలా ఉంటాయి. ఒక వానాకాలం గడిస్తే చవకరకం మీద బొబ్బలు వస్తాయి. ఇంకో కిటుకు ఏంటంటే.. వెనుక క్లిప్పులకు క్రోమ్ పూత పడకూడదు. లోహం పట్టిన ప్లాస్టిక్ పెళుసుగా మారి వంగే గుణం పోతుంది. అందుకే చాలా క్యాప్‌లు రెండు ముక్కలుగా చేస్తారు. వెనుక క్లిప్పులున్న నల్లటి భాగం ఒకటి, ముందు మెరిసే గుర్తు ఒకటి.

పూతల్లో వాడే హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. బాధ క్యాప్ వాడేవాళ్లకు కాదు, ప్లేటింగ్ షెడ్డులో ఆ ఆవిరి పీల్చే కార్మికులకు, ఆ వ్యర్థాలు కలిసే నీళ్లకు. యూరప్‌లో 2017 సెప్టెంబర్ 21 తర్వాత క్రోమియం ట్రయాక్సైడ్ వాడాలంటే ప్రత్యేక అనుమతి తప్పనిసరి అయింది. దాంతో కార్ల తయారీలో ట్రైవాలెంట్ క్రోమ్, పెయింట్ ఫినిష్‌ల వైపు మొగ్గు పెరిగింది.

స్టిక్కర్ మీద గాజులా ఉబ్బెత్తుగా కనిపించే 'డోమ్' పూతలోనూ రెండు రకాలున్నాయి. ఎపాక్సీతో చేసింది ఎండకు పసుపు పచ్చగా మారుతుంది. పాలీయురేథేన్‌తో చేసింది ఎక్కువ కాలం తేటగా ఉంటుంది. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదే.

తిరిగే బొమ్మకు తల ఎటు?

ఇక అసలు డిజైన్ దగ్గరికి వద్దాం. గోడ మీద బొమ్మకు పైన, కింద ఉంటాయి. చక్రం మీద బొమ్మకు అవి ఉండవు. కారు ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు వంకరగానో, తలకిందులుగానో నిలుస్తుంది. నాలుగు చక్రాల్లో నాలుగు రకాలుగా!

బెంజ్ మూడు కోణాల నక్షత్రం ఇందుకు మంచి ఉదాహరణ. 120 డిగ్రీలు తిరిగితే మళ్లీ అదే ఆకారం. ఎలా ఆగినా సరైన స్థానానికి 60 డిగ్రీలకు మించి దూరంగా ఉండదు. మారుతీ కార్ల మీది సుజుకీ 'ఎస్' గుర్తు సగం చుట్టు తిరిగినా 'ఎస్' లాగే కనిపిస్తుంది. అదే పొడవాటి పేరు రాస్తే ఇబ్బంది. వెడల్పు ఎత్తుకు నాలుగు రెట్లుండే అక్షరాలను 50 మిల్లీమీటర్ల గుండ్రంలో పెడితే అక్షరం ఎత్తు 12 మిల్లీమీటర్లే వస్తుంది. పైనా కిందా అంతా ఖాళీ.

ఇక్కడ మన ముంగిట్లో ముగ్గు పెద్ద పాఠం. చుక్కల మధ్య నుంచి మొదలై ఆరు రేకులుగానో, ఎనిమిది రేకులుగానో విచ్చుకునే ముగ్గును ఏ వైపు నిలబడి చూసినా ఒకేలా ఉంటుంది. ఆరు రేకుల బొమ్మ ఎలా ఆగినా 30 డిగ్రీలకు మించి పక్కకు పోదు. సొంతంగా క్యాప్ గీయాలనుకునేవాళ్లకు పేర్ల కన్నా ఇలాంటి చుట్టుతిరుగుడు ఆకారాలే కలిసొస్తాయి. కానీ ఒక జాగ్రత్త. సుడిలా ఒకవైపు వంపు తిరిగిన బొమ్మ అయితే కుడి చక్రాలకు ఒకటి, ఎడమ చక్రాలకు దాని అద్దం ప్రతి మరొకటి చేయాలి. లేదంటే ఒక వైపు సుడి ముందుకు, మరో వైపు వెనక్కు పోతున్నట్టు కనిపిస్తుంది.

వేగంలో కథ మళ్లీ మారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర చక్రం సెకనుకు దాదాపు 9 చుట్లు తిరుగుతుంది. అప్పుడు అక్షరాలు, రేకులు అన్నీ కలిసిపోయి మసకబారతాయి. మిగిలేది వలయాలే. మధ్యలో ఎర్ర చుక్క, చుట్టూ వెండి రింగు పెడితే కారు ఆగినా, పరుగెత్తినా ఆ రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

ఫోన్‌లో వీడియో తీసేవాళ్లకు ఇంకో వింత. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఐదు స్పోక్‌ల చక్రం దాదాపు 40 కిలోమీటర్ల వేగంలో కదలకుండా ఆగిపోయినట్టు కనిపించవచ్చు. ఒక్కో ఫ్రేముకూ చక్రం సరిగ్గా ఐదో వంతు తిరుగుతుంది కాబట్టి ఒక స్పోక్ స్థానంలోకి పక్క స్పోక్ వస్తుంది. కానీ మధ్యలో ఉన్న గుర్తుకు ఐదు ముఖాలు లేవు కదా! అందుకే స్పోక్‌లు నిలబడి, మధ్యలో లోగో మాత్రం గంతులేస్తున్నట్టు ఉంటుంది. ఈసారి రీల్ చూసేటప్పుడు గమనించండి.

రోల్స్ రాయిస్ లోగో ఎందుకు తిరగదు?

చక్రం తిరుగుతున్నా లోగో మాత్రం నిటారుగా నిలబడే వీడియోలు చూసే ఉంటారు. 2003లో వచ్చిన ఫాంటమ్ నుంచి రోల్స్ రాయిస్ కార్లలో ఇది ప్రత్యేక గుర్తింపు. లోపల మోటారు, సెన్సర్ ఏమీ ఉండవు. ముందు ముఖాన్ని బేరింగ్ మీద కూర్చోబెట్టి, దాని కింది భాగంలో బరువు పెడతారు. చక్రం తిరిగినా బరువు ఎప్పుడూ కిందికే లాగుతుంది కాబట్టి రెండు 'ఆర్'లు నిటారుగా ఉంటాయి. బీఎండబ్ల్యూ కూడా ఇలాంటి ఫ్లోటింగ్ క్యాప్‌లను యాక్సెసరీగా అమ్ముతోంది.

ఇందులో చూసుకోవాల్సింది రెండే. బేరింగ్ ఎంత సులువుగా తిరుగుతుంది, కింద బరువు ఎంత ఉంది అన్నవి. బేరింగ్‌లో దుమ్ము చేరి బిగుసుకుంటే లోగో చక్రంతో పాటే తిరిగేస్తుంది. బ్రేక్ వేసినప్పుడు బరువు లోలకంలా ముందుకు ఊగుతుంది. భూమ్యాకర్షణలో సగం బలంతో గట్టిగా బ్రేక్ వేస్తే లోగో దాదాపు 27 డిగ్రీలు వంగుతుంది, మెల్లగా వేస్తే ఆరు డిగ్రీలు కూడా దాటదు. ఆ ఊగుడు త్వరగా ఆగేలా చేయడంలోనే పనితనం ఉంది. చవకరకం ఫ్లోటింగ్ క్యాప్‌లు కొన్ని నెలలకే గలగలమనడానికి కారణం ఆ బేరింగే.

గుర్తు ఎవరిది? ఇక్కడే అసలు చిక్కు!

కొలత కుదిరింది, ప్లాస్టిక్ మంచిదే, మెరుపూ బాగుంది. దాని మీద ఏదో ఒక పెద్ద కంపెనీ లోగో వేసి అమ్మొచ్చా? ఒక్క మాటలో చెప్పాలంటే.. కుదరదు.

దీనిపై యూరప్‌లో ఓ ముఖ్యమైన కేసు నడిచింది. ఇటలీకి చెందిన వీల్‌ట్రిమ్స్ అనే సంస్థ ఫోర్డ్ గుర్తుతో వీల్ కవర్లు అమ్మితే ఫోర్డ్ టురిన్ కోర్టుకు వెళ్లింది. కారును పాత రూపానికి తేవడానికే ఆ గుర్తు వేశామని, విడిభాగాలకు చట్టంలో మినహాయింపు ఉందని వీల్‌ట్రిమ్స్ వాదించింది. 2015 అక్టోబర్ 6న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆ వాదనను ఒప్పుకోలేదు. ఆ మినహాయింపు డిజైన్ హక్కులకే తప్ప ట్రేడ్‌మార్క్‌కు వర్తించదని తేల్చింది. 2017 డిసెంబర్ 20న అదే కోర్టు అకేషియా కేసులో, రిపేరు కోసం ఒరిజినల్ రూపంలోనే ఉండే అల్లాయ్ రిమ్‌లు చేసేవాళ్లకు షరతులతో ఊరట ఇచ్చింది. రెండు తీర్పులూ కలిపి చదివితే అక్కడి సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. రిమ్ ఆకారానికి సడలింపు ఉండొచ్చు, మధ్యలో ఉన్న గుర్తుకు మాత్రం లేదు.

మన దేశంలో 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ఉంది. 103, 104 సెక్షన్ల ప్రకారం ఇతరుల గుర్తును అక్రమంగా వేసినా, అలాంటి సరుకు అమ్మినా 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ప్రత్యేక కారణాలుంటే కోర్టు శిక్ష తగ్గించవచ్చు. 'ఫలానా కారుకు సరిపోతుంది' అని నిజాయితీగా చెప్పడం వేరు, ఆ కంపెనీ గుర్తునే ముద్రించి అమ్మడం వేరు.

మూడు రంగుల మధ్య అశోక చక్రం పెట్టిన క్యాప్‌లు చేస్తే దేశభక్తి అనిపించుకుంటుంది అనుకునేవాళ్లూ ఉంటారు. అదీ పొరపాటే. జాతీయ జెండా, అశోక చక్రం లాంటి చిహ్నాలను అనుమతి లేకుండా వ్యాపారానికి వాడటాన్ని 1950 నాటి చిహ్నాల దుర్వినియోగ నిరోధక చట్టం నిషేధిస్తోంది. దేవుడి బొమ్మల విషయంలో చట్టం కన్నా ముందు మనసే అడ్డు చెబుతుంది. బురద తగిలే చోట, కాళ్ల ఎత్తులో తిరిగే చోట వాటిని పెట్టడం చాలామందికి నచ్చదు.

లోగో మారితే మూతలూ మారాలి

2021లో కియా తన పాత అండాకారపు గుర్తును వదిలి కొత్త లోగో తెచ్చింది. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గరి ప్లాంట్‌లో తయారయ్యే కార్లకూ అది వచ్చింది. అదే ఏడాది మహీంద్రా ఎక్స్‌యూవీ 700తో పాటు తన ఎస్‌యూవీలకు 'ట్విన్ పీక్స్' గుర్తు ప్రవేశపెట్టింది. లోగో మారిందంటే బానెట్ మీద బ్యాడ్జ్ ఒక్కటే కాదు, స్టీరింగ్ నుంచి నాలుగు చక్రాల మూతల దాకా అన్నీ మారాలి. పాత కారున్నవాళ్లకు కొత్త గుర్తు మీద మోజు పుడుతుంది. నకిలీ క్యాప్‌లకు గిరాకీ వచ్చేది సరిగ్గా ఇలాంటప్పుడే. కొలత కుదరకపోతే ఆ కొత్త మోజు మొదటి గుంతలోనే రోడ్డు పాలవుతుంది.

సొంత డిజైన్‌కు రక్షణ ఉంది.. పోస్ట్ పెట్టే ముందు ఆగండి!

అలాగని దారులన్నీ మూసుకుపోలేదు. ఎవరి గుర్తూ కాపీ కొట్టకుండా సొంత ఆకారం గీసుకుంటే అది మీ ఆస్తే. 2000 నాటి డిజైన్స్ చట్టం కింద రిజిస్టర్ చేస్తే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ దొరుకుతుంది. కానీ డిజైన్ కొత్తదై ఉండాలి, దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసిపోయి ఉండకూడదు. ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టి, లైకులు చూసుకుని, తర్వాత రిజిస్ట్రేషన్‌కు వెళ్తే ఆ పోస్టే అడ్డం తిరగొచ్చు. దరఖాస్తు ముందు.. రీల్ తర్వాత!

కొనేముందు ఈ ఐదూ చూసుకోండి

1. ముఖం వెడల్పు, క్లిప్పుల వెడల్పు, లోతు.. మూడూ మీ చక్రంతో సరిపోవాలి. నాలుగు చక్రాల్లోనూ చూడండి.

2. వెనుక స్టీల్ తీగ రింగు ఉందా? క్లిప్పులకు మెరుపు పూత లేకుండా ఉందా?

3. బిగించాక వేలితో తిప్పి, లాగి చూడండి. కదిలితే రోడ్డు మీద నిలవదు.

4. చక్రం అంచు దాటి ఏదీ బయటికి పొడుచుకురాకూడదు.

5. కంపెనీ గుర్తు కావాలంటే ఆ కంపెనీ అధీకృత డీలర్ దగ్గరే ఒరిజినల్ కొనండి. బిల్లు తీసుకోండి.

బిగించేటప్పుడు ఓ చిన్న చిట్కా. గాలి కొట్టే వాల్వ్‌ను ఆనవాలుగా పెట్టుకుని నాలుగు క్యాప్‌లనూ ఒకే దిక్కున పెట్టండి. అయితే కారు కదిలి మలుపులు తిరిగాక అవన్నీ ఒకే దిక్కున నిలవవు. మలుపుల్లో చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి కాబట్టి తేడా వస్తుంది, అది మామూలే. టైర్ షాపుకు వెళ్లినప్పుడు మాత్రం క్యాప్‌ను ముందు నుంచి స్క్రూడ్రైవర్‌తో లేపొద్దని, వీలున్న చోట చక్రం విప్పాక వెనుక నుంచి నొక్కి తీయమని చెప్పండి. ఊడిపోయే క్యాప్‌లలో చాలావాటి కాళ్లు విరిగేది రోడ్డు మీద కాదు, అక్కడే.